అటారీ ఎస్‌టీ ట్రాక్‌బాల్‌ను అమిగాకు కలిపే ముందు

(అటారీ ఎస్‌టీ, అమిగా రెండూ 1980ల నాటి కంప్యూటర్లు; ట్రాక్‌బాల్ అంటే పైనున్న బంతిని వేళ్లతో తిప్పి వాడే మౌసు లాంటిది.)

• మొదట అమిగాను ఆపండి. నడుస్తుండగా ప్లగ్గు తీసినా పెట్టినా లోపలి చిప్పు కాలిపోవచ్చు. పోతే నెల్లూరంతా తిరిగినా దొరకడం కష్టం.

• రెండిటికీ 9 పిన్నులే, ప్లగ్గు చక్కగా దిగుతుంది. అంతమాత్రాన నమ్మవద్దు. 7వ పిన్ను (5 వోల్టులు), 8వ పిన్ను (గ్రౌండు) రెండిట్లోనూ ఒకటే; 1, 4 పిన్నుల తీగలను మాత్రం తారుమారు చేయాలి.

• తీగల రంగు చూసి నిర్ణయించకండి. మల్టీమీటరుతో ఒక్కొక్కటీ పరీక్షించండి. ముందు నుంచి కనిపించే పిన్నుల వరుస, టంకం వేసే వెనుకవైపు అద్దంలోలా తిరగబడుతుంది. నేను తీగలు ఊడదీసి మళ్లీ అతికించింది ఇందుకే. ప్లగ్గు మీద సన్నగా అచ్చయిన అంకెలను భూతద్దంతో చదవండి.

• 7, 8 ఒకదానికొకటి తగలకూడదు.

• అసలు తీగను కోయవద్దు, పాపం. విడిగా అడాప్టరు చేసుకోండి.

• కావలిలో మా ఇంటికి సముద్రపు గాలి తగులుతుంది. పిన్నుల మీద పచ్చని చిలుము ఉంటే ముందే తుడవండి.