బ్లెబ్బిస్టాటిన్ వాడేవాళ్ళు ముందు బ్లూ లైట్ సంగతి చూసుకోండి

సెల్స్‌లో మయోసిన్ టూని (సెల్ బిగుసుకోవడానికి బలమిచ్చే మోటార్ ప్రోటీన్) ఆపి ఏమవుతుందో చూద్దామని బ్లెబ్బిస్టాటిన్ వేసేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ పసుపు రంగు మందుకి బ్లూ లైట్ అస్సలు పడదు, 488 నానోమీటర్ల బ్లూ లేజర్ పెట్టి జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) చూస్తూ కూర్చుంటే మందు పనిచేయడం మానేస్తుంది, పైగా సెల్స్‌కి విషంలా తగులుతుంది. నేను మొదట్లో రెండు వారాలు ఇలాగే పోగొట్టుకున్నా, సెల్స్ ముడుచుకుపోయి ప్లేట్ నుంచి ఊడొస్తుంటే అది మయోసిన్ ఆగినందువల్లే అనుకున్నా. ట్యూబ్‌కి ఫాయిల్ చుట్టండి, జీఎఫ్‌పీ బదులు బ్లూ లైట్ అక్కర్లేని రెడ్ ఫ్లోరసెంట్ ప్రోటీన్‌కి మారండి, కుదరకపోతే ఇదే మందులో పారా-నైట్రో రకం తెప్పించుకోండి, అది లైట్‌ని బాగా తట్టుకుంటుంది. కంట్రోల్‌కి, అంటే పోల్చి చూడ్డానికి, ఇదే మందుకి అద్దంలో ప్రతిబింబం లాంటి, మయోసిన్ మీద పనిచేయని ప్లస్ ఐసోమర్ వాడండి.

ఇంకోటి, ఈ మందు మయోసిన్ తలలో ఏటీపీ (సెల్‌కి శక్తినిచ్చే అణువు) విరిగాక ఫాస్ఫేట్ త్వరగా బయటికి పోకుండా పట్టేస్తుంది, అంతేగానీ లైట్ చైన్ (మయోసిన్‌కి అతుక్కుని ఉండే చిన్న ప్రోటీన్) మీద సెరీన్ 19 అనే చోట ఫాస్ఫోరిలేషన్‌ని, అంటే ఫాస్ఫేట్ అతుక్కోవడాన్ని, నేరుగా ఆపదు. అందుకే వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని బ్యాండ్లుగా చూపించే పరీక్ష) ఆ ఫాస్ఫోరిలేషన్ బ్యాండ్ తగ్గలేదని మందు పాడైందనుకుని పారేయకండి, ఆ బ్యాండ్ తగ్గాలంటే ఆ ఫాస్ఫోరిలేషన్‌ని పెంచే రో కైనేజ్ అనే ఎంజైమ్‌ని ఆపే వై-27632 లాంటిది వేసి చూడాలి.