వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీ చేద్దాం – 3వ పాఠం: ఏ ఫైలు ఎవరిది?

పోయిన పాఠంలో మన చిన్న పీహెచ్‌పీ అప్లికేషన్‌ను డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌కు ప్యాకేజీగా, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధంగా ఉండే ఒకే ఫైలుగా కట్టాం. ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అయింది. ఇప్పుడు దానికి రెండో వెర్షన్ వచ్చిందనుకుందాం.

కొన్నేళ్ల కిందట నేను చూసుకునే ఒక సైట్‌లో, కొత్త వెర్షన్ జిప్ ఫైలును పాత ఫోల్డర్ మీదే విప్పేశాను. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగుల ఫైలు పోయి, దాని చోట జిప్‌లోని నమూనా ఫైలు వచ్చి కూర్చుంది. బ్యాకప్ లేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. కోడ్, సెట్టింగులు, అప్‌లోడ్ చేసిన ఫొటోలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో కలగలిసి ఉండటం వల్లే అలా జరిగింది.

అద్దె ఇంటికి సున్నం వేయించే యజమాని గోడల వరకే చూసుకోవాలి, బీరువా తెరవకూడదు. ప్యాకేజీ కూడా అంతే. డెబియన్‌లోని వర్డ్‌ప్రెస్ ప్యాకేజీ ఈ పని ఎలా చేస్తుందో చూడండి. కోడ్ 'యూఎస్ఆర్' కింద 'షేర్' డైరెక్టరీలోకి వెళ్తుంది. అది ప్యాకేజీ సొత్తు, ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ నిర్మొహమాటంగా మార్చేయవచ్చు. సెట్టింగులు 'ఈటీసీ'లో ఉంటాయి, అవి సైట్ నడిపేవారివి. అప్‌లోడ్లు 'వార్' కింద 'లిబ్'లో ఉంటాయి. వాటిని అప్‌గ్రేడ్ తాకదు. ఇందులో ఇంకో లాభం ఉంది. వెబ్ సర్వర్ నడిచే యూజర్ ఖాతాకు అప్‌లోడ్ల చోట మాత్రమే రాసే అనుమతి ఇస్తే, ఎవరైనా చొరబడినా అసలు కోడ్‌ను మార్చడం కష్టమవుతుంది.

సెట్టింగుల ఫైలు దగ్గరే చాలామంది తడబడతారు, కాబట్టి నిదానంగా చదవండి. ప్యాకేజీతో వచ్చిన సెట్టింగుల ఫైలును డెబియన్‌లో 'కాన్ఫ్‌ఫైల్' అంటారు. అప్‌గ్రేడ్ అప్పుడు డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) మూడు ప్రతులను పోల్చుతుంది: పాత ప్యాకేజీ ఇచ్చింది, ఇప్పుడు డిస్క్ మీద ఉన్నది, కొత్త ప్యాకేజీ తెచ్చింది. మీరు ముట్టుకోకపోతే కొత్తది చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. మీరు మార్చి, ప్యాకేజీ మార్చకపోతే మీదే ఉంటుంది. ఇద్దరూ మార్చితే మాత్రం ఆగి అడుగుతుంది. ఏమీ ఎంచుకోకుండా ఎంటర్ కొడితే మీ ఫైలే నిలుస్తుంది. ఇంత మర్యాదగా అడిగే పద్ధతి నాకు చాలా ఇష్టం.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంటుంది. పాస్‌వర్డ్‌ను ఇన్‌స్టాల్ సమయంలో తయారుచేసి, ప్యాకేజీతో వచ్చిన సెట్టింగుల ఫైల్లోనే స్క్రిప్ట్‌తో రాసేస్తారు. ప్యాకేజీ కట్టడానికి సాయపడే డెబ్‌హెల్పర్ పనిముట్లు వాడితే 'ఈటీసీ'లోకి వెళ్లే ప్రతి ఫైలూ దానంతటదే కాన్ఫ్‌ఫైల్ అయిపోతుంది. దాన్ని మీ స్క్రిప్ట్ మార్చినా, యూజరే మార్చాడని డీపీకేజీ అనుకుంటుంది. తర్వాతి వెర్షన్‌లో ఆ ఫైలు మారితే, తాను ఏనాడూ తెరవని ఫైలు గురించి యూజర్ జవాబు చెప్పాల్సి వస్తుంది. ప్యాకేజీలు పాటించాల్సిన నియమావళి అయిన డెబియన్ పాలసీ దీన్ని ఒప్పుకోదు.

అందుకే పాస్‌వర్డ్ ఫైలును ప్యాకేజీలో పెట్టకండి. ఇన్‌స్టాల్ తర్వాత నడిచే 'పోస్ట్‌ఇన్‌స్ట్' స్క్రిప్ట్‌లో, ఆ ఫైలు అప్పటికే లేకపోతేనే సృష్టించండి. అప్‌గ్రేడ్‌లోనూ ఇదే స్క్రిప్ట్ నడుస్తుంది కాబట్టి "లేకపోతేనే" అన్న షరతు మరవకూడదు. ప్యాకేజీని మామూలుగా తీసేస్తే ఈ ఫైలు ఉండాలి, 'పర్జ్' చేస్తేనే, అంటే సెట్టింగులతో సహా పూర్తిగా తీసేస్తేనే పోవాలి. ఆ తొలగింపును, ప్యాకేజీని తీసేశాక నడిచే 'పోస్ట్‌ఆర్‌ఎం' స్క్రిప్ట్‌లో రాయండి.

అభ్యాసం: పాస్‌వర్డ్ లేని మామూలు సెట్టింగుల ఫైల్లో ఒక కామెంట్ వాక్యం మార్చి రెండో వెర్షన్ కట్టండి. మొదటి వెర్షన్ ఉన్న రెండు వర్చువల్ మెషీన్లు తీసుకోండి. ఒకదానిలో ఆ ఫైలును అలాగే వదిలేయండి, రెండోదానిలో ఒక విలువ మార్చండి. రెండింటినీ అప్‌గ్రేడ్ చేసి, ఏది అడిగిందో, ఏది అడగలేదో రాసిపెట్టుకోండి. అడిగినప్పుడు 'డి' నొక్కితే రెండు ఫైళ్ల మధ్య తేడా కనిపిస్తుంది.

వచ్చే పాఠంలో డేటాబేస్ టేబుళ్ల సంగతి. వెర్షన్ మారినప్పుడు కొత్త కాలమ్‌ను ఎవరు, ఎప్పుడు చేర్చాలో చూద్దాం.