విదేశీ సముద్ర తీరంలో కుటుంబంతో బద్ధకంగా సెలవులు గడపడం ఎలా?

ఇంత ఖర్చు పెట్టి విదేశం వచ్చాం, అన్నీ చూసేయాలన్న ఆత్రం చాలా కుటుంబాలకు ఉంటుంది. సముద్రం ఒడ్డున గడిపే సెలవుల్ని పాడుచేసేది ఆ ఆత్రమే. రోజూ పొద్దున్నే లేపి, బస్సెక్కించి, లైన్లలో నిలబెడితే మూడో రోజుకల్లా పిల్లలు పేచీ పెడతారు, పెద్దవాళ్లు ఒకరిమీద ఒకరు విసుక్కుంటారు. కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకుంటే మిగతా రోజులన్నీ హాయిగా బద్ధకించొచ్చు, ఒక్క విషయంలో తప్ప. దాని సంగతి నాలుగో అంచెలో చెప్తాను.

1. నడిచి వెళ్లగలిగే చోట బస చూసుకోండి

కిటికీలోంచి సముద్రం కనిపించకపోయినా ఫర్వాలేదు, పది నిమిషాలు నడిస్తే ఒడ్డు రావాలి. టవల్ మర్చిపోయినా, చంటిపిల్లకు నిద్రొచ్చినా ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి రావచ్చు. కారెక్కి వెళ్లాల్సిన బీచ్ ఎంత అందంగా ఉన్నా, వెళ్లి రావడమే ఒక పనైపోతుంది. నన్నడిగితే, చిన్న వంటగదీ బట్టలు ఆరేసుకునే బాల్కనీ ఉన్న మామూలు ఇల్లు ఖరీదైన హోటల్ గది కంటే నయం.

2. మొదటి రోజు ఒడ్డును గమనించండి

నీళ్లలోకి దిగే ముందు బీచ్ మొదట్లో ఉండే బోర్డు దగ్గర కాసేపు ఆగండి. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే, వాటి మధ్య లైఫ్‌గార్డులు కాపలా ఉన్నారని గుర్తు. ఈత అక్కడే. ఎర్ర జెండా ఎగురుతుంటే దిగొద్దు. చాలాచోట్ల ఊదా రంగు జెండా అంటే నీళ్లలో జెల్లీఫిష్‌లాంటివి ఉన్నాయని హెచ్చరిక. దేశాన్ని బట్టి జెండాలు కొంత మారతాయి కాబట్టి బోర్డు చదవాల్సిందే. లైఫ్‌గార్డులు ఎన్ని గంటల వరకు ఉంటారో కూడా చూసుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కడైనా అత్యవసర నంబరు 112.

తర్వాత ఆటుపోట్ల వేళలు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈ రోజు పోటు వచ్చిన వేళకంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మధ్యధరా తీరంలో చాలాచోట్ల నీళ్లు పెరిగి తగ్గడం తెలియను కూడా తెలియదు. అదే ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరంలోనో, బ్రిటన్‌లోనో అయితే పొద్దున పరిచిన దుప్పటి మధ్యాహ్నానికి నీళ్లలో తేలొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు ఇంకా ఎక్కువ. రాళ్ల చాటున ఉండే చిన్న చిన్న ఇసుక మడుల్లోకి వెళ్లేటప్పుడు తిరిగొచ్చే దారి ఎప్పుడు మునుగుతుందో తెలుసుకునే వెళ్లాలి.

3. రోజును నీడను బట్టి పంచుకోండి

పది నుంచి నాలుగు వరకు ఎండలో ఉండొద్దని అందరూ చెప్పేదే. కానీ గడియారాన్ని మరీ నమ్మకండి. స్పెయిన్‌లో చాలాచోట్ల వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక గానీ సూర్యుడు ఆ రోజుకి బాగా పైకి రాడు. సాయంత్రం నాలుగంటే అక్కడ ఇంకా మంట ఎండే. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉందని అర్థం. ఇది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

నీడ పొడుగ్గా ఉన్నప్పుడు నీళ్లు, ఇసుక. పొట్టిగా ఉన్నప్పుడు ఇంట్లో భోజనం, నిద్ర, పేకాట. ఈ మధ్యాహ్నాల్లో పిల్లలు "బోర్ కొడుతోంది" అంటారు. అననివ్వండి. ఫోన్ చేతికివ్వకపోతే గంటలోపే ఏదో ఒక ఆట వాళ్లే కనిపెడతారు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. ఎండలోకి వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు రాసుకుని, ప్రతి రెండు గంటలకూ, నీళ్లలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. పెద్దవాళ్లకు ఒళ్లంతా రాయడానికి ఏడు టీ స్పూన్ల దాకా పడుతుంది. మనం రాసుకునేది అందులో సగం కూడా ఉండదు. చెవుల అంచులు, మోకాళ్ల వెనక భాగం, పాదాల పైభాగం మర్చిపోతాం, రాత్రి మండేది సరిగ్గా అక్కడే. ఆరు నెలల లోపు పసివాళ్లను నీడలోనే ఉంచి, పల్చటి బట్టలతో కప్పండి. పగడపు దిబ్బలు దెబ్బతింటాయని హవాయిలో 2021 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని నిషేధించారు. అలాంటి చోట్లకు వెళ్తుంటే లేబుల్ చూసి కొనండి.

4. కాపలాకు వంతులు వేసుకోండి

బద్ధకం పనికిరానిది ఇక్కడే. నలుగురు పెద్దవాళ్లు ఒడ్డున కూర్చుంటే ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు. అందుకే పేరు పెట్టి వంతు వేయాలి: ఈ ఇరవై నిమిషాలు బాబాయ్, తర్వాత అమ్మ. వంతులో ఉన్నవాళ్లు పుస్తకం, ఫోన్ పక్కన పెట్టాలి. మునిగిపోయేవాళ్లు సినిమాల్లోలా కేకలు వేస్తారనుకోకండి. ఊపిరికే కొట్టుకుంటున్నప్పుడు అరవడానికి శక్తి ఎక్కడిది? ఈత రాని చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి.

అలలు విరుగుతున్న వరసలో మధ్యన ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అక్కడ దిగొద్దు. అది నీటిని లోపలికి లాక్కుపోయే రిప్ కరెంట్ కావచ్చు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి, ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి. ఈ మాట పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి. గాలి నింపిన బొమ్మ పడవలను సముద్రంలోకి తీసుకెళ్లకపోవడమే మంచిది, ఒడ్డు నుంచి గాలి వీస్తే నిమిషాల్లో దూరం కొట్టుకుపోతాయి. ఇసుకలో గొయ్యి తవ్వితే చిన్న పిల్లవాడి మోకాలి లోతు దాటనివ్వకండి. అంచులు విరిగిపడితే పైకి లాగడం చాలా కష్టం.

5. రోజుకి ఒక్క పనే

ఒక రోజు మార్కెట్, ఒక రోజు లైట్‌హౌస్, ఒక రోజు ఏమీ లేదు. ఆ ఒక్కటి ఏమిటో రోజుకొకరు చెప్పాలి, మిగతావాళ్లు సణక్కుండా వెళ్లాలి.

6. ఇసుకను బయటే వదిలేయండి

తడి కాళ్లను టవల్‌తో రుద్దితే ఇసుక ఇంకా అంటుకుంటుంది, పిల్లలు ఏడుస్తారు. కాళ్లు ఆరనిచ్చి, బేబీ పౌడర్ చల్లి, అరచేత్తో దులిపితే వేళ్ల సందుల్లోంచి కూడా రాలిపోతుంది. గుర్తుగా సీసాలో నింపుకుని తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి. ఇటలీలోని సార్డీనియాలో బీచ్ నుంచి ఇసుక, గులకరాళ్లు, గవ్వలు పట్టుకెళ్తే 500 నుంచి 3,000 యూరోల వరకు జరిమానా. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు పిల్లల జేబులు ఒకసారి తడిమి చూడండి.