ఊహలో ఫస్ట్ క్లాసు, బల్లమీద తెరవని పుస్తకం

సమస్య: పరీక్షలకు వారమే ఉంది. గుంటూరు బ్రాడీపేట హాస్టల్ గదిలో కళ్లు మూసుకుంటే రిజల్ట్స్ రోజు కనిపిస్తుంది. నాన్న అందరికీ ఫోన్లు చేసి చెబుతుంటాడు, అమ్మ స్వీట్లు పంచుతుంటుంది. హాయిగా ఉంటుంది. కళ్లు తెరిస్తే బయోకెమిస్ట్రీ పుస్తకం నిన్నటి పేజీలోనే ఉంటుంది.

కారణం: ఊహించుకోవడం తప్పు కాదు. చూస్తున్నది చివరి సీను, అదీ చిక్కు. గెలిచినట్టు చూసుకుంటే మనసు అక్కడే తృప్తిపడుతుంది, లేచి చదవాలన్న పట్టు సడలుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ విద్యార్థులపై చేసిన ప్రయోగం 1999లో అచ్చయింది. పరీక్షకు ముందు రోజూ కాసేపు, తాము చదువుకునే తీరును ఊహించుకున్నవాళ్లకు ప్లాను కుదిరింది, టెన్షన్ తగ్గింది, మార్కులు పెరిగాయి. మంచి గ్రేడు వచ్చినట్టు మాత్రమే ఊహించుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు.

పరిష్కారం: రోజూ 5 నిమిషాలు ఈ రాత్రి చదువునే చూడండి. మీ గది, మీ కుర్చీ. ఫోన్ ఎక్కడ పెట్టారు? ఏ పేజీ తీశారు? రూమ్మేట్ "టీకి పోదాం రా" అంటాడు. నా విద్యార్థుల్లో చాలామంది జారిపోయేది ఇక్కడే. అందుకే జవాబు కూడా ఊహలోనే చెప్పేయండి: "ఈ చాప్టర్ అయ్యాక వస్తాలేరా." కళ్లు తెరవగానే ఆ పేజీ తీయాలి. మధ్యలో వాట్సాప్ చూశారా, ఆ 5 నిమిషాలూ వృథా.

సమస్య: చదివాను, కానీ హాల్లో వరుస గుర్తురాదు.

కారణం: పదాలను బట్టీ పట్టారు, వాటిని తగిలించడానికి చోటు లేదు.

పరిష్కారం: బ్రాడీపేట అడ్రసే ఒక వరుస. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. రోజూ నడిచే లైనులో ఒక్కో మూలన పాఠంలోని ఒక్కో మెట్టు పెట్టండి. కణం ఆహారం నుంచి శక్తి తీసే రసాయన చర్యల వరుస, క్రెబ్స్ సైకిల్ తీసుకుందాం. మొదటి మూలన నిమ్మకాయల గుట్ట, అది సిట్రేట్. రెండో మూలన అవే కాయలు, పేర్పు మారింది: ఐసోసిట్రేట్. మూడో మూలన గోలీసోడా కొట్టారు, బుస్సుమని కార్బన్ డయాక్సైడ్ పోయింది: ఆల్ఫా కీటోగ్లూటరేట్. మిగతా మూలలు మీరే నింపండి. సొంతంగా కట్టిన బొమ్మే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

సమస్య: "సర్, కళ్లు మూసుకుంటే నాకు చీకటి తప్ప ఏమీ కనిపించదు."

కారణం: కొందరికి మనసులో బొమ్మ కట్టదు. 2015లో న్యూరాలజిస్టు ఆడమ్ జెమన్ బృందం దానికి అఫాంటేషియా అని పేరు పెట్టింది. అది తెలివి తక్కువతనం కాదమ్మా, కంగారు పడకు.

పరిష్కారం: బొమ్మ బదులు మాటలు. ఎన్నింటికి కూర్చుంటావో, ఏ పేజీతో మొదలుపెడతావో, ఎవరైనా పిలిస్తే ఏమంటావో కాగితం మీద రాసి బల్లకు అంటించు.