కార్మికుల ఆదాయ వాటాను లెక్కకట్టి చదవడం ఎలా

కార్మికులకూ యజమానులకూ మధ్య జరిగే పెనుగులాటలో ఎవరిది పైచేయి అయిందో తెలియాలంటే కూలి రేటు ఒక్కటే చూస్తే చాలదు. గుంటూరు దగ్గర ఒక నూలు మిల్లు ఉందనుకొని, దాని అమ్మకాల్లోంచి పత్తి, కరెంటు ఖర్చులను తీసివేయండి. మిగిలేది మిల్లు జోడించిన విలువ, ఇరువర్గాలూ పంచుకొనేది దానినే. నూలు 100 రూపాయలకు అమ్ముడుపోగా పత్తికీ కరెంటుకూ 70, కూలికి 10 ఖర్చయితే, జోడించిన విలువ 30, అందులో కూలి వాటా మూడో వంతు.

తరువాత మార్కప్, అంటే ఖర్చుపై యజమాని అదనంగా వేసుకొనే శాతం, కట్టండి. ఖర్చు 80, ధర 100 కనుక యజమాని వేసుకున్నది 25 శాతం. పోలండ్ ఆర్థికవేత్త కలెత్స్కీ పంపిణీ సిద్ధాంతానికి ఇదే ఇరుసు. ఇప్పుడు పత్తి, కరెంటు ఖర్చు 90కి పెరిగిందనుకోండి. మార్కప్ మారకపోతే ధర 125 అవుతుంది, జోడించిన విలువ 35 అవుతుంది, పది రూపాయల కూలి వాటా దాదాపు 29 శాతానికి దిగుతుంది. ఎవరి కూలీ కోయకుండానే కార్మికుల వాటా కరిగిపోయింది. నా దృష్టిలో ఈ లెక్క మొత్తంలో అందరూ తప్పక గ్రహించవలసినది ఇదే.

మళ్లీ మొదటి అంకెలకు వచ్చి కూలిని 12 చేయండి. ఆ భారాన్ని అదే మార్కప్‌తో ధరపైకి నెట్టగలిగితే కూలి వాటా సుమారు 37 శాతం. పోటీ వల్ల ధర 100 దగ్గరే ఆగితే 40 శాతం. బలమైన సంఘాలున్నచోట ఎక్కువ మార్కప్ మరింత కూలి అడగడానికి ఆస్కారమిస్తుంది కనుక యజమానులు దానిని అదుపులో ఉంచుకుంటారని కలెత్స్కీ వాదించారు.

బేరమాడే బలం ఎక్కడిదో కూడా చూడాలి. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా దిగే వేసవి సీజనులో హమాలీల మాటకున్న విలువ పని పలచబడిన నెలల్లో ఉండదు. ఆర్థికవేత్త గుడ్విన్ 1967లో దీనినే ఒక చక్రంగా చూపారు: ఉపాధి పెరిగితే కూలి వాటా పెరుగుతుంది, లాభం తగ్గి పెట్టుబడి మందగిస్తుంది, ఉపాధి పడిపోయి కూలి మళ్లీ బలహీనపడుతుంది.

నిజమైన అంకెలకు కేంద్ర గణాంక శాఖ ప్రచురించే పరిశ్రమల వార్షిక సర్వే తీసుకోండి. అందులో మొత్తం వేతనాల్లో మేనేజర్ల జీతాలు కూడా కలిసి ఉంటాయి కనుక కార్మికుల కూలి పట్టికను విడిగా చూడండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో కుటుంబమంతా కలిసి నడుపుకొనే చిన్న దుకాణానికి మాత్రం ఈ విభజన వర్తించదు. గల్లాపెట్టెలో మిగిలినదానిలో వారి కష్టానికి కూలి ఎంతో, పెట్టుబడికి లాభం ఎంతో విడదీయలేము కనుక జాతీయాదాయ లెక్కల్లో దానిని మిశ్రమ ఆదాయంగా రాస్తారు.