పాత ఓమ్నితో తిరుమల ప్రయాణం: ఇంజిన్‌కు ఏది చేయించాలి, ఏది వదిలేయాలి

రాజోలు దగ్గర మా తోటల్లో కొబ్బరికాయలు మోసే 2008 నాటి మారుతీ ఓమ్ని మాది. మహా అయితే అంబాజీపేట మార్కెట్ దాకా వెళ్తుంది. దాన్ని తిరుమల తీసుకెళ్తామంటే షెడ్డులో వచ్చే మొదటి సలహా "ఇంజిన్ దించేద్దాం" అనే, అంటే పూర్తిగా విప్పి బాగుచేద్దామని. ఒప్పుకోకండి. సిలిండర్ బోరు, పిస్టన్ రింగుల పని చేయించిన ఇంజిన్‌ను కొంతకాలం మెల్లగా నడిపి కుదురుకోనివ్వాలి. ప్రయాణం ముంగిట పెట్టుకునే పని కాదది.

ముందు మీరే చూడండి. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు సీటు ఎత్తి, ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు వేలితో రాయండి. మీగడలాంటి తెల్లటి జిగురు అంటిందా? కొంపేమీ మునగలేదు. తోటకూ ఇంటికీ మధ్య తిరిగి ఆగిపోయే బండిలో ఇంజిన్ సరిగా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరై పోక ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్, ఫిల్టర్ మార్పించి, బండిని ఒకసారి రాజమండ్రి దాకా తిప్పి మళ్లీ చూడండి. జిగురు మళ్లీ పట్టి, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా ఉండే పొరను) అనుమానించాలి. అది తేలేదాకా ప్రయాణం వాయిదా వేయండి.

ఇంకో మాట అడగండి: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) ఉందా, పీకేశారా? "ఎండ ప్రాంతం, అది ఎందుకండీ" అని తీసి పారేసే మెకానిక్‌లు మన దగ్గర కొందరున్నారు. అది లేని ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. కొత్తది వేయించండి.

డబ్బు పెట్టాల్సింది ఇంజిన్ చల్లదనం మీదే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. ఏళ్ల తరబడి అవే పోస్తే రేడియేటర్ గొట్టాల్లో పొర కట్టి, తుప్పు పడుతుంది. పల్లపు నేలలో ఆ సంగతి బయటపడదు, ఘాట్‌రోడ్డు మీద వేడి చూపే ముల్లు పైకి లేచాకే తెలుస్తుంది. రేడియేటర్ కడిగించి, ఉప్పు నీళ్లకు బదులు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పోయించండి. హోస్ పైపులు నొక్కితే గట్టిగా పెళుసుగా ఉన్నా, చివర్లలో పగుళ్లున్నా మార్చేయండి. బండి నిలబెట్టి ఇంజిన్ నడవనివ్వండి. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరిగి, మళ్లీ ఆగాలి.

ఇంజిన్ వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్టుకు కిలోమీటర్లు ఒక్కటే లెక్క కాదు. తక్కువ తిరిగినా రబ్బరు ముసలిదవుతుంది. ఎప్పుడు మార్చారో బిల్లు దొరక్కపోతే మార్చేయడమే. విప్పినప్పుడే వాటర్ పంపు దగ్గర తడి ఉందేమో చూడమనండి.

ట్యాపెట్ల (వాల్వులను కదిపే భాగాల) టకటక, ఇంజిన్ ఒంటికి పట్టిన ఆయిల్ చెమట, వీటికి తొందర లేదు. స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చినా డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూసుకుంటూ, లీటరు ఆయిల్ వెంట ఉంచుకుంటే చాలు.

ఈ పనులన్నీ ప్రయాణానికి రెండు వారాల ముందే ముగించండి. కొత్త హోస్ క్లిప్పు దగ్గర కారినా, బెల్టు కూసినా ఊళ్లోనే తెలియాలి. మనకు కొండల్లేవు కాబట్టి, మనుషులనూ సామాన్లనూ ఎక్కించి మధ్యాహ్నం ఎండలో చించినాడ వంతెన ఎక్కించి, పాలకొల్లు మీదుగా హైవే దాకా వెళ్లి రండి. ఇంటికి రాగానే రేడియేటర్ మూత తీయకండి, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. తగ్గి ఉంటే మళ్లీ షెడ్డుకే.