తక్కువ ఖర్చుతో నీటుగా, హుందాగా కనిపించాలంటే

కొత్త బట్టల కోసం బయల్దేరే ముందు ఒక పని చేయండి. బీరువాలో ఉన్నవన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటీ వేసుకుని అద్దం ముందు నిలబడండి. చేత్తో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు, ఒంటి మీద వేసుకునే చూడాలి. అలాగే వేసుకోగలిగినవి ఒక పక్క, చిన్న రిపేరు చేయిస్తే పనికొచ్చేవి ఒక పక్క, ఇక ఎప్పటికీ వేసుకోనివి ఇంకో పక్క పెట్టండి. చాలామందికి ఆ మధ్య గుట్టే పెద్దదిగా తేలుతుంది. చేతిలో ఉన్న కాస్త డబ్బు ముందుగా ఖర్చు పెట్టాల్సింది దాని మీదే, షాపులో కాదు.

ఎందుకంటే ఎదుటివాళ్ళకి మన బట్టల ధర తెలియదు, అవి మనకి సరిపోయాయా లేదా అన్నదే కనిపిస్తుంది. ఎంత ఖరీదైన షర్టు అయినా భుజం దిగి జారిపోతుంటే ఎవరి చొక్కానో అడిగి తెచ్చుకుని వేసుకున్నట్టు ఉంటుంది. అందుకే మొట్టమొదట భుజం చూడండి. చెయ్యి అతికిన కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. అక్కడ తేడా ఉంటే సరిచేయడం టైలర్‌కి కష్టం, చేసినా ఖర్చు ఎక్కువ, కాబట్టి భుజం సరిపోనిది ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. మిగతావన్నీ సులువే: పక్కలు పట్టించడం, చేతుల పొడవు తగ్గించడం, ప్యాంటు నడుము, కింద అంచు. చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. ప్యాంటు అంచు షూ మీద ఆనీ ఆననట్టు ఉంటే చాలు, మహా అయితే ముందు ఒక చిన్న మడత పడాలి, చీలమండ దగ్గర కుప్పగా పోగుపడకూడదు. బొత్తాలు పెట్టుకున్నాక వాటి చుట్టూ ముడతలు లాగుతున్నాయంటే అది బిగుతు. బిగుతుని వదులు చేయించాలంటే లోపల కుట్టు దగ్గర బట్ట మిగిలి ఉందో లేదో తిప్పి చూడాలి, లేకపోతే ఏ టైలరూ ఏమీ చేయలేడు. ఇంకో మాట, కొత్త కాటన్ బట్టని టైలర్‌కి ఇచ్చే ముందు ఒకసారి ఉతికి ఆరేయండి. ముందే కుంచింపజేసి అమ్మే రకం కాకపోతే మొదటి ఉతుకులో నూటికి మూడు నాలుగు వంతులు కుంచించుకుపోవడం మామూలే, అంటే ప్యాంటు కాలు పొడవులో రెండు మూడు సెంటీమీటర్లు పోతుంది. కొలతలు ఇచ్చేటప్పుడు ఆ ప్యాంటు మీద ఏ షూ వేసుకుంటారో అదే వేసుకుని వెళ్ళండి.

రంగుల విషయంలో నా అభిప్రాయం గట్టిది: బడ్జెట్ తక్కువైనప్పుడు రంగులు కూడా తక్కువే ఉండాలి. నేవీ బ్లూ, బూడిద రంగు, తెలుపు, లేత నీలం, కాస్త గోధుమ రంగు, వీటిలో ఏది దేనితో వేసుకున్నా కుదిరిపోతుంది. అలా ఒకదానితో ఒకటి కలిసే 5 షర్టులు, 3 ప్యాంట్లు ఉంటే 15 జతలు అవుతాయి. అదే ఒక్కో షర్టుకి ఒక్కో ప్యాంటు వెతుక్కోవాల్సి వస్తే బీరువా నిండా బట్టలున్నా వేసుకోవడానికి ఏమీ లేదనే అనిపిస్తుంది. నలుపు అందరూ సేఫ్ అనుకుంటారు కానీ చవక నల్ల బట్ట తొందరగా వెలిసిపోతుంది, నూలు పోగులు, దుమ్ము అన్నీ దాని మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దాని బదులు నేవీ తీసుకోండి. ఛాతీ మీద పెద్ద లోగోలు, పెద్ద పెద్ద అక్షరాలు ఉన్నవి వదిలేయండి, ఒకసారి చూసినవాళ్ళకి అవే గుర్తుండిపోతాయి, మళ్ళీ మళ్ళీ వేసుకోలేం.

ఇక కొనేటప్పుడు ధర చీటీ కంటే ముందు బట్టని చేతిలోకి తీసుకోండి. కొంచెం బట్టని గుప్పిట్లో పది సెకన్లు గట్టిగా పిసికి వదలండి, ముడతలు అలాగే ఉండిపోతే ఒంటి మీద కూడా మధ్యాహ్నానికల్లా అదే పరిస్థితి (లినెన్‌కి మాత్రం ఇది వర్తించదు, నలగడమే దాని అందం). వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, నేత ఒకచోట పలచగా, ఒకచోట దట్టంగా ఉంటే ఎక్కువ రోజులు రాదు. తర్వాత లోపలి వైపు తిప్పండి. కుట్లు దగ్గర దగ్గరగా, వంకర లేకుండా ఉన్నాయా, దారాలు వేలాడుతున్నాయా, గళ్ళ షర్టు అయితే జేబు దగ్గర, పక్క కుట్టు దగ్గర గళ్ళు ఒకదానికొకటి కలిశాయా చూడండి. గళ్ళు కలపాలంటే బట్ట ఎక్కువ పడుతుంది, ఆ ఖర్చు పెట్టినవాళ్ళు మిగతా పని కూడా సాధారణంగా శ్రద్ధగానే చేస్తారు. ముదురు రంగు అయితే కొన్నాక మొదటిసారి ఉతికే ముందు తడిపిన తెల్ల గుడ్డతో లోపలి వైపు ఒక మూల రుద్దండి, రంగు అంటుకుంటే విడిగా ఉతకాల్సిందే. పూర్తి పాలిస్టర్ షర్టు చెమట పీల్చదు, వాసన పట్టేస్తుంది, కానీ ప్యాంటులో కొంత పాలిస్టర్ కలిసి ఉంటే మడత చెదరదు, అది మంచిదే.

డిస్కౌంట్ల దగ్గర జాగ్రత్త. సగం ధరకి వచ్చిందని కొని రెండుసార్లు వేసుకున్న షర్టు కంటే, దానికి రెండింతలు పెట్టి వందసార్లు వేసుకున్న షర్టే చవక. ఎవరైనా వాడిన బట్టలు కొనడానికి మొహమాటపడకండి. ఉన్ని కోట్లు, లెదర్ బెల్టులు, బ్యాగులు అలా బాగా దొరుకుతాయి. చంకలు, కాలర్ లోపలి వైపు, తొడల మధ్య అరుగుదల చూసుకోండి, జిప్ నాలుగుసార్లు లాగి చూడండి. వాడిన షూ మాత్రం వద్దు, అది అప్పటికే ఇంకొకరి పాదానికి అలవాటుపడి ఉంటుంది.

ఉన్నవాటిని కొత్తవాటిలా ఉంచుకోవడమే అసలు పొదుపు. ముదురు రంగులు, జీన్స్ తిరగేసి చల్లటి నీళ్ళలో ఉతకండి, నీడలో ఆరేయండి. ఇస్త్రీ చేసే ముందు బట్ట లోపలి లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలు చూడండి: ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు అంటే 150, మూడు అంటే 200 వరకు. షర్టు కాస్త తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. మొదట కాలర్, అదీ మూలల నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి మూలకి తోస్తే అక్కడ ముడత పోగుపడి కనిపిస్తుంది. తర్వాత కఫ్‌లు, చేతులు, భుజాలు, చివరికి ఒళ్ళు. అయిన వెంటనే వేసుకోకండి, హ్యాంగర్‌కి తగిలించి వేడి పోనివ్వండి, వేడి మీద వేసుకుంటే మళ్ళీ నలిగిపోతుంది. స్వెట్టర్ మీద చిన్న చిన్న ఉండలు కడితే బల్ల మీద పరిచి, గడ్డం గీసుకునే రేజర్‌తో మెల్లగా, అస్సలు నొక్కకుండా గీస్తే పోతాయి.

ఊడిన బొత్తాం కుట్టుకోవడం తప్పకుండా నేర్చుకోండి. బొత్తాం మీద అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి దాని మీదుగా దారం నాలుగైదుసార్లు పోనివ్వాలి, తర్వాత పుల్ల తీసేస్తే కొంచెం వదులు దొరుకుతుంది. బొత్తాన్ని పైకి లాగి పట్టుకుని, ఆ దారాల చుట్టూ, బట్టకీ బొత్తానికీ మధ్యలో, మూడు నాలుగు చుట్లు చుట్టి వెనక ముడి వేయండి. ఆ చిన్న కాడ వల్లే బొత్తాం పెట్టుకున్నప్పుడు బట్ట లాగదు.

షూ మీద కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టినా నేను తప్పనను. ఒకే జతని రోజూ వేస్తే లోపలి చెమట ఆరదు, లెదర్ పగులుతుంది. రెండు జతలు మార్చి మార్చి వేస్తే రెండూ కలిపి చాలా కాలం వస్తాయి. తడిస్తే ఎండలో పెట్టకండి, లోపల పేపర్ కుక్కి నీడలో ఆరనివ్వండి. పాలిష్‌కి ముందు దుమ్ము తుడవాలి, లేదంటే ఆ దుమ్మునే లెదర్‌లోకి రుద్దినట్టు అవుతుంది. మడమ ఒకవైపు అరగడం మొదలవగానే మార్పించండి, అప్పుడైతే చిన్న పని.

కొన్నిటికి పెద్దగా ఖర్చే లేదు. గోళ్ళు కత్తిరించుకోవడం, జుట్టు వేళకి కట్ చేయించుకోవడం, ప్యాంటు జేబుల్లో ఫోను, తాళాలు, లావు పర్సు కుక్కకుండా ఉండడం. తెల్ల షర్టు కింద తెల్ల బనియన్ గీత కనిపిస్తుంది, మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది వేసుకుంటే కనిపించదు.

ఎప్పుడైనా కొత్త కోటు కొంటే వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా పెద్ద కుట్టు ఒకటి ఉంటుంది, కొన్నిటికి చేతి అంచు మీద కంపెనీ లేబుల్ కూడా వదులుగా కుట్టి ఉంటుంది. అవి షాపులో ఉన్నంతవరకే. చాలామంది డిజైన్ అనుకుని అలాగే వేసుకుని ఫంక్షన్లకి వెళ్ళిపోతారు. చిన్న కత్తెరతో, బట్ట తెగకుండా, ఆ దారాలు తీసేయండి. బయటి జేబులు కుట్టేసి ఉంటే మాత్రం వాటిని అలాగే వదిలేయొచ్చు, జేబులో ఏమీ పెట్టరు కాబట్టి కోటు షేపు పోదు.